లోపలి సరుకు తనిఖీ చేయబడలేదు

ఓడ మునిగితే పేపర్లో వేస్తారు. ఎనిమిదేళ్ళ కిందట నేను మునిగినప్పుడు జిల్లా పేజీలో కూడా ఎవరూ వేయలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను. చివర్లో ఎలాగో గట్టెక్కి ఉంటాడులే అని ఆశ పెట్టుకోకండి. ఎక్కలేదు. నవ్వొచ్చినచోట మొహమాటపడకుండా నవ్వండి. నేను కూడా నవ్వుతూనే మొదలుపెడుతున్నాను, ఎందాకా నవ్వగలనో చూడాలి.

విశాఖపట్నం రేవులో నాది ఓడల సర్వే ఉద్యోగం. ఓడలోకి ఎంత సరుకు ఎక్కింది, ఏ స్థితిలో ఉంది అని చూసి కాగితం రాసివ్వాలి. అగ్గిపెట్టెంత పడవలో కొండంత ఓడ చుట్టూ తిరుగుతూ, దాని పొట్ట మీద వేసిన అంకెలు ఎందాకా మునిగాయో తల పైకెత్తి చదవాలి. అప్పటికి పద్నాలుగేళ్ళుగా అలా చూసి చూసి నా మెడ వెనక్కి బిగుసుకుపోయింది. ఎవరితో మాట్లాడినా గర్వంగా నిలబడినట్టే ఉంటాను. గర్వం కాదండీ, స్పాండిలైటిస్.

మా పనిలో చేరిన మొదటి రోజే ఒక సంగతి నెత్తికెక్కించారు. ఏ సరుకునైనా సరే, "బాగుంది" అని ఉత్తినే రాయకూడదు. "పైకి కనిపించినంతవరకు బాగుంది" అని రాయాలి. మూట విప్పి చూడకపోతే "లోపలి సరుకు తనిఖీ చేయబడలేదు" అని రాయాలి. రేపు ఆ మూటలో చక్కెర బదులు ఇసుక తేలితే సంతకం పెట్టినవాడి పీక మీదికి రాకూడదు కదా. ఈ జాగ్రత్త మాకు ఎంత ఒంటబట్టిందంటే, మా ఆవిడ రమణి కూర ఎలా ఉందని అడిగితే నేను పెళ్ళయిన పదేళ్ళలో ఒక్కసారి కూడా బాగుందని పూర్తిగా చెప్పలేదట. "పైపైన బాగానే ఉంది" అంటానట. ఆవిడ ఆరోపణ ఇది. నేను ఖండించను, ఒప్పుకోను.

ఇలాంటివాడికి పీహెచ్‌డీ ఎందుకని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. కారణం మా నాన్న.

నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు రేవులో పనిచేశాడు. రేవు పక్కన పాత ఊళ్ళో మా ఇంటి మేడమీద తెల్ల చొక్కా ఆరేస్తే, ఓడల్లోంచి దించే బొగ్గు దుమ్ముకి సాయంత్రానికి బూడిదరంగు చొక్కా తీసుకోవచ్చు. చివరి రెండేళ్ళు ఆయన దగ్గుతూనే ఉన్నాడు. డాక్టరు బీడీ అన్నాడు, నాన్న బొగ్గు అన్నాడు. ఆ తగవు తేలకముందే ఆయన పోయాడు. పోవడానికి నెల ముందు మంచం మీదనుంచి చెయ్యి చాపి, కిటికీ గట్టుమీద వేలితో గీత గీసి, నల్లబడిన ఆ వేలు నాకు చూపించి అడిగాడు: "ఒరేయ్, ఏడాదికి మనం ఇది ఎంత తింటున్నాంరా?"

రేవుకి వచ్చే ప్రతి ఓడలో ఎంత సరుకుందో చెప్పగలిగిన నాకు దానికి జవాబు తెలియలేదు.

నాన్న పోయాక తూచడం మొదలుపెట్టాను. రమణికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన స్టీలు పళ్ళేలు నాలుగు, పేర్లు చెక్కించినవి, మేడమీద నాలుగు మూలలా పెట్టేవాణ్ణి. వారమంతా పడిన దుమ్ము ఆదివారం పొద్దున కుంచెతో దులిపి, పక్కింటి కంసాలి వీరాచారి గారి తక్కెడలో తూచేవాణ్ణి. బంగారం తూచే తక్కెడలో మసి తూచిన మొట్టమొదటి మానవుణ్ణి నేనే అయివుంటాను. నేను వెళ్ళిపోయాక ఆయన ఆ తక్కెడకి పసుపునీళ్ళు చల్లేవాడు. ఆ లెక్కంతా ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన పాత డైరీలో రాసేవాణ్ణి. గాలి ఎటునుంచి వీచింది, వాన పడిందా, ఏ పళ్ళెంలో కాకి కాలు పెట్టింది, అన్నీ. ఆరేళ్ళు, ఒక్క ఆదివారం తప్పకుండా. అత్తగారి దినకర్మ నాడు కూడా తూచాను. దాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోరు.

అయితే మేడమీద పళ్ళెం పెట్టుకున్నవాడి మాట ఎవడు వింటాడు? పేరు ముందు డాక్టరని ఉంటే వింటారని నాకొక పిచ్చి నమ్మకం. ఊళ్ళోనే ఒక విద్యాసంస్థలో, ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్ళకోసం పర్యావరణ విభాగంలో ఒకే ఒక్క సీటు ఉందని తెలిసింది. మా కంపెనీ అలాంటి చదువుకి అనుమతి ఇచ్చేది నలభై నిండనివాళ్ళకే. నాకు ముప్పైతొమ్మిది దాటి నాలుగు నెలలు. ఈ ఏడు తప్పితే ఇక లేదు.

దరఖాస్తు బలంగా ఉండాలి అనుకున్నాను. అక్కడే పడింది దెబ్బ. దుమ్ము గురించి నిజం రాస్తే అది నాకే బీదగా కనిపించింది. అందుకని రమణి పళ్ళేలు "ప్రామాణీకరించిన ఉక్కు సేకరణ ఫలకాలు" అయ్యాయి. వీరాచారి గారి తక్కెడ "సూక్ష్మ తులా యంత్రం" అయింది. కాకి "జీవసంబంధమైన అంతరాయం" అయింది. మా మేడ పేరు "తీరప్రాంత పరిశీలనా కేంద్రం". ఆ కేంద్రంలో ఆ సమయానికి మా ఆవిడ వడియాలు ఎండబెడుతోంది. ఇక డైరీ. దాని అట్ట చిరిగింది, లోపల దోసెపిండి మరకలు, ఒక పేజీలో పాలవాడి లెక్క. అది చూపిస్తే పరువు పోతుందని బీరువాలో బట్టల కింద దాచేశాను.

ఇంకొకటి మిగిలింది. చదువు చెప్పిన ప్రొఫెసరు ఒకరు నా గురించి సిఫారసు లేఖ ఇవ్వాలి. ఎమ్మెస్సీలో నాకు పాఠం చెప్పిన సామ్యూలు మాస్టారు రిటైరై భీమిలిలో ఉంటున్నారు. ఆయన్ని అడగాలంటే సిగ్గు. నాతోపాటు పడవలో తిరిగే అప్పల్రాజుకి చెప్పుకున్నాను. అప్పల్రాజు మా కంపెనీలో సర్వజ్ఞుడు. తనకి తెలియని విషయం గురించి మాట్లాడేటప్పుడు ఇంకా ధైర్యంగా మాట్లాడతాడు.

"ఏటి బావా, సిన్నపిల్లోడిలా ఆలోసిత్తన్నావ్," అన్నాడు. "మన ఆపీసులో లెటరు కావల్సినోడే రాసుకుంటాడా లేదా?"

"రాసుకుంటాడు."

"పెద్దోళ్ళు ఏటి సేత్తారు?"

"సంతకం పెడతారు."

"సదువుతారేటి?"

"ఎప్పుడూ చూళ్ళేదు."

"మరింకేటి? నువ్వే రాసి అట్టుకెళ్ళు. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకు, పాపం."

నిజమే. రేవులో ఏ కాగితం కావాలన్నా, కావలసినవాడే టైపు చేసి పట్టుకెళ్ళాలి, పెద్దవాళ్ళు కింద సంతకం గీకాలి. పెద్దవాళ్ళ చేత రాయించడం అమర్యాద. నా మీద నేనే ఒక పేజీ రాసుకున్నాను. ఆ పేజీ మీకు చూపించను, నా పిల్లలు ఎప్పుడైనా చదవొచ్చు. క్లుప్తంగా చెప్పాలంటే, ఆ పేజీలో ఉన్న మనిషి ఒకవేళ నిజంగా ఉంటే దేశానికి ఇన్ని సమస్యలు ఉండవు.

రాసి చదువుకుంటే భయమేసింది. ఇంత పొగడ్త కింద మాస్టారి సంతకం. రేపు నేను పనికిమాలినవాణ్ణని తేలితే పాపం ఆయన పీక మీదికి వస్తుంది. పద్నాలుగేళ్ళ శిక్షణ ఊరుకుంటుందా? సంతకం పెట్టేవాణ్ణి కాపాడటం మా ధర్మం. ఇంగ్లీషులో చివర ఇంకో నాలుగు వాక్యాలు చేర్చాను. మీకోసం తెలుగులో: "పైన పేర్కొన్న అభ్యర్థి పైకి కనిపించినంతవరకు మంచి స్థితిలో ఉన్నాడు. తెలివితేటలు ఉన్నట్టు అభ్యర్థి స్వయంగా తెలియజేశాడు. లోపలి సరుకు తనిఖీ చేయబడలేదు. ఈ లేఖ ఎవరి హక్కులకూ భంగం కలగకుండా ఇవ్వడమైనది."

చదువుకుని తృప్తిగా తలాడించాను. మెడ నొప్పెట్టింది కూడా.

ఆదివారం పళ్ళేలు తూచేసి భీమిలి బస్సెక్కాను. మాస్టారు చర్చి నుంచి అప్పుడే వచ్చి వరండాలో కూర్చున్నారు. కంటికి శుక్లాల ఆపరేషనై వారమైందట, పచ్చ అద్దాలు పెట్టుకుని ఉన్నారు. పేరు చెప్పాక నన్ను పోల్చుకున్నారు. దుమ్ము సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. పళ్ళేలెన్ని, ఎంత ఎత్తులో పెడతావు, వానొస్తే ఏం చేస్తావు అని వరసగా అడిగారు. ఆరేళ్ళలో నా దుమ్ము గురించి అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి ఆయనొక్కరే. రమణి ఒకే ప్రశ్న అడిగేది, పళ్ళేలు తిరిగి ఎప్పుడిస్తావని.

"పుస్తకం తెచ్చావా?" అన్నారు.

"లేదు సార్. అది అంత బాగోదు."

"బాగోడానికేముంది నాయనా, లెక్కలేగా. తెచ్చిపెట్టు. కన్ను కుదురుకోగానే చదివి, నా చేత్తో నేనే రాస్తాను."

అయ్యో, పెద్దాయన చేత రాయించడమా అనుకుని, గబగబా సంచిలోంచి కాగితం తీశాను. "మీకు శ్రమ వద్దు సార్. నేనే రాసి తెచ్చాను. సంతకం చాలు."

ఆయన ఆ కాగితాన్ని పచ్చ అద్దాలకి దగ్గరగా పట్టుకుని, లాభం లేక దించారు. "ఏం రాశావు?"

"అంతా మంచే సార్."

"నేను రాస్తే ఆలస్యమవుతుందనా?"

"గడువు దగ్గరపడింది సార్," అన్నాను. గడువు ఇంకా ఇరవై రోజులుంది.

ఆయన కలం తీసి, నేను వేలు పెట్టి చూపించినచోట తడుముకుంటూ సంతకం పెట్టారు. పని ఇంత సులువుగా అయిందని బస్సులో ఈల వేసుకుంటూ వచ్చాను. పక్కన చేపల బుట్టతో కూర్చున్నావిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూ రోజు. కొత్త బూట్లు, టై. టై నా మెడకి ఊరట ఇస్తుందనుకున్నాను, ఉరి అయింది. గది బయట బెంచీ మీద నా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చిందట, అక్కడ బళ్ళో సైన్సు టీచరు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల బావుల నీళ్ళ గురించి పరిశోధన చేస్తుందట. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో పిల్లలు రాసుకునే నోటుపుస్తకాలు, తడిసి ఉబ్బిపోయినవి. నాకు జాలేసింది. మంచి మనసు కదా నాది.

"అమ్మా, పెద్దవాడిగా చెబుతున్నాను," అన్నాను. "ఆ కవరు ఇక్కడే పెట్టేసి లోపలికెళ్ళు. చూసేవాళ్ళకి బాగోదు."

"అందులోనే ఉన్నాయండి అన్నీ," అంది ఆ అమ్మాయి, కవరు ఇంకొంచెం దగ్గరికి లాక్కుని.

వినలేదు. ఈ కాలం పిల్లలు అంతే అనుకున్నాను.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో విభాగాధిపతి మేడమ్. నా దరఖాస్తు తిరగేస్తూ మొదట మర్యాదగా అడిగారు, సేకరణ ఫలకాలను ప్రామాణీకరించింది ఎవరని. మా అత్తగారు అనబోయి ఆగాను. తులా యంత్రం ఏ కంపెనీదని ఎడమవైపాయన అడిగారు. స్థానికంగా తయారైంది అన్నాను. పరిశీలనా కేంద్రంలో సిబ్బంది ఎంతమంది అని కుడివైపాయన అడిగారు. ఇద్దరం, కాని రెండో మనిషికి ఈ పని ఇష్టం లేదు అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

తర్వాత మేడమ్ సిఫారసు లేఖ తీశారు. పైనున్న పొగడ్తలన్నీ ఊరికే కళ్ళతో దాటేశారు. చివరికొచ్చేసరికి ఆగి, కళ్ళజోడు సర్దుకుని, ఆ నాలుగు వాక్యాలూ పైకి చదివారు. కుడివైపాయనకి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి.

"ఇది సామ్యూలు మాస్టారు రాశారా?" అన్నారు మేడమ్.

అప్పుడు నిజం చెప్పి ఉండొచ్చు. నోట్లోంచి మాత్రం "అవును మేడమ్" అని వచ్చింది.

"ఆయన మాకూ మాస్టారే. ఇలా రాసే మనిషి కాదు. ఒంట్లో ఏమైనా బాగోలేదా? ఇదివరకటిలా లేరా?"

చూడండి నా గొప్పతనం. ఆయన్ని కాపాడటానికి రాసిన వాక్యాలతో ఆయనకి మతి పోయిందని అనుమానం పుట్టించాను. కాదని ఎలా చెప్పాలో తోచేలోపే మేడమ్ ఫోను తీసి ఆయనకి చేశారు, అందరికీ వినబడేలా బల్లమీద పెట్టారు. క్షేమసమాచారాలయ్యాక, మీరిచ్చిన లేఖ గురించండీ అంటూ ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివారు. మాస్టారు వాటిని వినడం అదే మొదటిసారి. ఫోనులో భీమిలి కాకులు అరవడం వినిపించింది. దొంగ లేఖని కంపెనీకి తెలిస్తే పోయే నా ఉద్యోగం, ఆయన పేరు, రెండూ ఆ కాకుల అరుపుల మధ్య వేలాడాయి.

"అవునమ్మా, నాదే," అన్నారు మాస్టారు.

"లోపలి సరుకు తనిఖీ చేయలేదంటే ఏమిటి సార్?"

"రెండేళ్ళు నా క్లాసులో కూర్చున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్కదానికి జవాబు చెప్పలేదు. మొన్న వచ్చినప్పుడు చూద్దామనుకున్నాను, తొందరలో ఉన్నాడు. చూడనిదాన్ని చూశానని ఎలా రాయనమ్మా?"

అక్కడ ఎవరూ నవ్వలేదు.

"మరి తీసుకోమంటారా వద్దా?" అన్నారు మేడమ్.

"అతని దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉండాలి. అది చూశారా?"

మేడమ్ నావైపు చూశారు. "పుస్తకమా?"

"ఇంట్లో ఉంది మేడమ్."

"ఎందుకు తేలేదు?"

"చూడ్డానికి బాగోదనిపించింది."

"ఆయనకి కూడా చూపించలేదా?"

"లేదు మేడమ్."

ఆవిడ నా మొత్తం దరఖాస్తుని, ఆ ఫలకాల్ని, యంత్రాన్ని, కేంద్రాన్ని మెల్లగా మూసి పక్కన పెట్టారు. ఫలితం ఈ సాయంత్రమే పెడతాం, వచ్చిందానికి థాంక్స్ అన్నారు. బయటికొస్తుంటే ఆ అమ్మాయి కవరుతో లోపలికెళ్ళింది. నేను పది నిమిషాలున్నాను లోపల. ఆ అమ్మాయి ముప్పావుగంట ఉంది. ఎలా తెలుసంటారా? అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రం గోడమీద అంటించిన కాగితంలో ఆ పద్మనాభం అమ్మాయి పేరే ఉంది.

మర్నాడు అప్పల్రాజు నా మొహం చూసి విషయం రాబట్టాడు. "లోపలి సరుకు సూళ్ళేదని ఎందుకు రాశావు బావా?" అని అడిగాడు. సంతకం పెట్టినాయనకి ఇబ్బంది రాకూడదని అన్నాను. అతను తలూపి, "నాను కూడా అదే రాసుందును," అన్నాడు. నా జీవితంలో నన్ను పూర్తిగా అర్థం చేసుకున్న మనిషి అప్పల్రాజే. నన్ను ముంచిందీ అతనే.

ఆ ఆదివారం భీమిలి వెళ్ళాను. మాస్టారి కళ్ళకి పచ్చ అద్దాలు లేవు, మామూలు కళ్ళజోడు వచ్చింది. క్షమించమని అడగడానికి బదులు గుమ్మంలో చెప్పులు సర్దుకుంటూ నిలబడ్డాను. ఆయనే కూర్చోమన్నారు.

"మీకు తెలీదని చెప్పుండాల్సింది సార్. నా కోసం అబద్ధమెందుకు ఆడారు?"

"అబద్ధమేముంది? సంతకం పెట్టాక అందులో ఉన్నదంతా నాదే," అన్నారు. "అయినా నాయనా, నువ్వు రాసుకున్నదాంట్లో నిజం ఆ ఒక్క ముక్కే. పాపం దానికే నవ్వొచ్చింది వాళ్ళకి."

వచ్చే ఏడు మళ్ళీ పెట్టు, ఈసారి నేను రాస్తాను అన్నారు. నలభై నిండిపోతాయి సార్, ఇంక ఒప్పుకోరు అన్నాను. ఆయన వెంటనే, పోనీ పుస్తకమైనా తెచ్చివ్వు, సీటు లేకపోతే ఏం, మీ నాన్న అడిగినదానికి జవాబుందేమో ఇద్దరం కూర్చుని చూద్దాం అన్నారు. పరాచికానికి కాదు. నాలుగు పళ్ళేల మధ్య తేడా ఎలా పట్టాలో అప్పుడే కాగితం మీద గీస్తున్నారు.

ఇక్కడితో నాకు బుద్ధొచ్చి ఉంటుందని మీరనుకుంటారు. వస్తే నేను నేనెలా అవుతాను? మాస్టారంతటివాడు చదువుతానంటే దోసెపిండి మరకలతో ఎలా ఇస్తాం? రెండు అంగుళాల మందం ఉన్న రిజిస్టరు ఒకటి కొన్నాను. ఎర్రసిరా, నల్లసిరా, స్కేలు. ఆరేళ్ళ ఆదివారాల్ని గుండ్రటి అక్షరాలతో సాఫీగా ఎత్తిరాయడం మొదలుపెట్టాను. ఒక గీత వంకరపోతే పేజీ చింపి మళ్ళీ రాసేవాణ్ణి. కాకి కోసం ఏ రంగు సిరా వాడాలా అని వారం రోజులు ఆలోచించాను. మాస్టారు రెండుసార్లు ఫోను చేశారు. "ఎలా ఉంటే అలా తెచ్చెయ్యి నాయనా," అన్నారు. వచ్చే ఆదివారం సార్ అన్నాను. రెండోసారి కూడా అదే అన్నాను.

ఐదో ఏడాది లెక్కలు ఎత్తిరాస్తుండగా కబురొచ్చింది. మాస్టారు పొద్దున చర్చికి బయల్దేరుతూ వాకిట్లోనే పడిపోయారట, మళ్ళీ లేవలేదట. భీమిలి వెళ్ళాను. వరండాలో బల్లమీద, ఆయన కుర్చీ ముందు, నాలుగు పళ్ళేల బొమ్మ గీసి గళ్ళు కట్టిన కాగితం ఉంది. గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. నా పుస్తకం వస్తే నింపడానికి.

అందుచేత, పాఠకమహాశయులారా, రేవులో కట్టిన ఓడలన్నిటి సాక్షిగా, వాటి కెప్టెన్ల అనుమతితో, ఈ కింది విధంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా గురించి ఎవరైనా తమ చేత్తో రాస్తానంటే కలం లాక్కోను. నా లెక్కలు చదువుతానంటే, అట్ట చిరిగినా, పిండి అంటినా, ఆ పూటే తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడతాను. ఈ మాట తప్పే ప్రమాదం కూడా ఏమీ లేదు. నా గురించి రాస్తానన్నదీ, నా లెక్కలు చదువుతానన్నదీ ఇన్నేళ్ళలో ఒక్క మనిషే.